ఫ్రేము కట్టించిన సెటిల్‌మెంటు కాగితం

భీమరావు కంప్యూటరు తెరను దయామణి వైపు తిప్పాడు. తెర మధ్యలో లావుపాటి అక్షరాలతో ఒక అంకె ఉంది. 571.

"ఇది ఎవురిదప్పా?" అని అడిగింది దయామణి.

"మీదే సిస్టరమ్మా."

"నాది కాదు. నేను పుట్టినాక అప్పు చేసింది లేదు. ఇంగోసారి సూడు."

మదనపల్లెలో ఆ బ్యాంకు శాఖకు వచ్చే ఇంటి రుణాల దరఖాస్తులన్నీ చూసేది భీమరావే. అతని పిల్లలిద్దరూ పుట్టింది మిషన్ ఆసుపత్రిలో. రెండుసార్లూ ఆపరేషన్ గదిలో దయామణే ఉంది. ఆ మర్యాద కొద్దీ, అవసరం లేదని తెలిసినా, ఆధార్ నంబరూ పాన్ నంబరూ మళ్లీ కొట్టాడు. మళ్లీ 571 వచ్చింది.

"ఎంతుండాల?"

"క్రెడిట్ స్కోరు ఏడు వందల యాభై దాటితే కళ్లు మూసుకుని పంపిస్తా. ఏడు వందలుంటే మాట్లాడొచ్చు. దీనికైతే పైనోళ్లు ఫైలు కూడా తెరవరమ్మా."

"అంటే పరీక్ష తప్పినట్టా?"

"పరీక్షయితే సప్లిమెంటరీ ఉంటాది."

దయామణి నవ్వలేదు. చేతిసంచిలో జీతం కాగితాలు ఉన్నాయి, ఇంటి అగ్రిమెంటు ఉంది, రుణం వస్తుందన్న ధీమాతో భీమరావు పిల్లల కోసం కొన్న బిస్కెట్ పొట్లం కూడా ఉంది. ఇరవై మూడేళ్లుగా ఒకే ఆసుపత్రిలో నర్సు. కరెంటు బిల్లు గడువు దాటి కట్టిన రోజు లేదు. కొట్లో బాకీ పెట్టడం ఎరగదు. చేతిలో డబ్బు ఉంటే కొనేది, లేకపోతే మానేసేది. ఇలాంటి మనిషికి ఇంత తక్కువ అంకె ఎలా వస్తుందో ఆమెకు అంతుపట్టలేదు.

భీమరావు రిపోర్టు నాలుగో పేజీ తెరిచాడు. "మీరు అప్పు చేయలేదు. నిజమే. చేసినాయనకు జామీను ఉండారు. 2018లో, నాలుగు లక్షలు, సరుకు బండికి. ఈడ సూడండి. సెటిల్డ్ అని ఉండాది."

"సెటిల్డ్ అంటే తీరిపోయిందనే కదా. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ వస్తాది."

"తీరిపోతే క్లోజ్డ్ అని రాస్తారమ్మా. ఇది అది కాదు. అంతా కట్టలేను, ఇంతకు వదిలేయండని ఆయన అడిగినాడు. వీళ్లు పోతేపోనీలే అని వదిలేసినారు. ఎంత వదిలేసినారో, అది ఆయన పేరు మీదా, మీ పేరు మీదా మచ్చగా నిలబడిపోయింది. అంతకు ముందు పదకొండు నెలలు కంతులు కట్టలేదు. అదీ మీ లెక్కలోనే పడింది."

 "ఆ పొద్దు నాకు శాలువా కప్పినారు," అంది దయామణి.

ఏ శాలువా అన్నది భీమరావుకు అర్థం కాలేదు.

దయామణికి నలభై నాలుగేళ్లు. భర్త సొలొమోను ఎనిమిదేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. ఆసుపత్రి వెనక ఉన్న పాత పెంకుల క్వార్టర్సులో ఒక గది, ఒక వంటిల్లు ఆమె కాపురం. ఫిబ్రవరిలో ఆ క్వార్టర్సు గోడలకు నోటీసులు అంటించారు. కట్టడం పాతబడింది, పడగొడుతున్నాం, ఆగస్టు మొదటికి ఖాళీ చేయాలి. మదనపల్లెలో ఇళ్ల ధరలు ఆమె అందుకునేలా లేవు. పుంగనూరులో మునికృష్ణ అనే రైతు తన రెండు గదుల మిద్దె ఇల్లు పదహారు లక్షలకు ఇస్తానన్నాడు. మార్చి పదిన రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంది. చేతిలో ఇంకో నాలుగు లక్షలు ఉన్నాయి. మిగతా పది లక్షలు బ్యాంకు ఇవ్వాలి. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ కాకపోతే అడ్వాన్సు తిరిగి రాదని అగ్రిమెంటు రెండో పేజీలో ఉంది. ఆ పేజీ కింద కూడా ఆమె సంతకం ఉంది.

ఆసుపత్రిలో ఆమె పని ఆపరేషన్ సామాను చూసుకోవడం. కత్తెరలు, పట్టుకార్లు, సూదులు, గాజుగుడ్డలు. ఆపరేషన్‌కు ముందు ఎన్ని బయటికి తీశారో, కడుపు కుట్టేముందు అన్నీ లెక్కకు రావాలి. ఆ లెక్కకు ఒక పద్ధతి ఉంది. ఒకరు పైకి లెక్కపెట్టాలి, రెండో మనిషి చూస్తూ తిరిగి అనాలి. ఒక గొంతు లెక్క చెల్లదు. ఒకసారి ఒక గాజుగుడ్డ తేలకపోతే, పెద్ద సర్జన్ విసుక్కుంటున్నా సరే, దొరికేవరకూ కుట్టు వేయనివ్వలేదు. గుడ్డ ఆయన చెప్పు కిందే దొరికింది.

ఆ జాగ్రత్త జామీను సంతకాల దగ్గర పనిచేయలేదు. పర్మనెంటు ఉద్యోగం, నెలనెలా జీతం కాగితం ఉన్న మనిషి కావడంతో, ఎవరు అప్పుకు వెళ్లినా ఆమె దగ్గరికి వచ్చేవారు. ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసి చెప్పులు వేసుకునే చోట కాగితాలు చాచేవారు. ఒకరి వీపు మీద పెట్టుకుని ఇంకొకరు సంతకం చేయడం అక్కడ మామూలు. చదవడానికి అడిగితే నమ్మనట్టు. కాపీ అడిగితే మరీ తప్పు. దయామణి ఎన్నడూ అడగలేదు.

2018లో ప్రకాష్ బాబు సరుకు బండి అప్పుకు కూడా అలాగే సంతకం చేసింది. అప్పట్లో అతను వాళ్ల సంఘంలో గిటారు వాయించేవాడు. మదనపల్లె మార్కెట్టు నుంచి టమోటాలు తోలడానికి బండి కొన్నాడు. రెండేళ్లు బాగా నడిచింది. తర్వాత కరోనా వచ్చి బండి ఆగింది. ఫైనాన్సు వాళ్లు ఇంటికి రావడం మొదలుపెట్టారు. సంఘమంతా అతని కోసం ప్రార్థన చేసింది. 2021 డిసెంబరులో అప్పు తీరిపోయిందన్నాడు. ఇలాంటి మేలు జరిగినప్పుడు వాళ్లలో కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం ఆనవాయితీ. ప్రకాష్ బాబు ఇంటి ముందు షామియానా వేయించాడు, రెండు వందల మందికి చికెన్ బిరియానీ పెట్టాడు. ఫైనాన్సు కంపెనీ ఇచ్చిన కాగితాన్ని పళ్లెంలో పెట్టి పాస్టరు చేతికిచ్చాడు. పాస్టరు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థించాడు. జామీను నిలబడిన దయామణిని ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఆ శాలువాను ఆమె ఇప్పటికీ చలికాలం నైట్ డ్యూటీలకు కప్పుకుంటోంది.

ఆ కాగితాన్ని ఆ రోజు అక్కడ ఎవరూ చదవలేదు.

బ్యాంకుకు వెళ్లిన మూడోరోజు ఆమె సెలవు పెట్టి మొదట పుంగనూరు బస్సెక్కింది. మునికృష్ణ ఆ ఇంటి అరుగు మీదే ఉన్నాడు. చౌడేపల్లె దగ్గర పొలం ఉన్నవాడు, మాట ఖచ్చితం. ఆమె ఏదీ దాచలేదు. చెప్పడం పూర్తయ్యేసరికి మునికృష్ణ నోట్లో వక్క నమలడం ఆగిపోయింది.

"బిరియానీ పెట్టి మరీ ముంచినాడా?"

"వాడికీ తెలీదేమో అన్నా."

"తెలీకుండా షామియానా ఏసినాడా సిస్టరమ్మా! మా ఊర్లో కోడిని కొయ్యాలన్నా కొనేటప్పుడు కాలెత్తి సూస్తారు." పక్కకు తిరిగి వక్క ఉమ్మేశాడు. "చౌడేపల్లె నుంచి ఒకాయన యాభై వేలు ఎక్కువిస్తానని ఉండాడు. నీకు మాటిచ్చినా కాబట్టి ఆయన్ని తిప్పి పంపినా. జూలై ఆఖరుదాకా ఆగుతా. ఆ పైన నేను ఆగను. అడ్వాన్సు కూడా అడగొద్దు. నాకూ బోరు ఏసుకునే పనుండాది."

"రాసిస్తావా?"

మునికృష్ణ ఆమె వైపు కొత్తగా చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి పెన్ను తెచ్చాడు. పాత అగ్రిమెంటు వెనకే గడువు పొడిగించినట్టు రాయించి, ఆమె దాన్ని రెండుసార్లు చదివింది.

అక్కణ్ణుంచి పలమనేరు మీదుగా కుప్పం. ప్రకాష్ బాబు ఇప్పుడు కుప్పం బస్టాండు దగ్గర ఆటో సామాన్ల అంగడి పెట్టుకున్నాడు. భార్యది రామకుప్పం వైపు పల్లె. దయామణిని చూడగానే అతను గల్లాపెట్టె వదిలి బయటికి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా! నూరేండ్లు నీకు! ఈ ఆదివారం నేనే మదనపల్లెకు రావాలనుకుంటా ఉండాను. రా, కూర్చో. టీ తాగుతావా, జూసా?"

"నా దగ్గరికి ఎందుకు వస్తాండావు?"

ప్రకాష్ బాబు గల్లాపెట్టె కింది నుంచి ఒక ప్లాస్టిక్ ఫైలు తీశాడు. అందులో అప్పు దరఖాస్తు ఉంది. అంగడిలోకి సామాను నింపడానికి ఆరు లక్షలు. జామీనుదారు పేరు దగ్గర ఇప్పటికే దయామణి అని నింపి ఉంది. సంతకం చోట మాత్రమే ఖాళీ.

"నాకు యాడా పుట్టడం లేదక్కా. స్కోరంట, పాడంట, ఏందో అంటాండారు. మంచి జామీను ఉంటే సూస్తామన్నారు. నీకంటే మంచి జామీను యాడుండాది?"

దయామణి ఫైలు బల్ల మీద పెట్టింది. అతని ముఖంలో మోసం వెతికింది. కనబడలేదు. దానికే ఆమెకు మరీ భయం వేసింది. నీళ్లు అడగబోయి తల ఎత్తితే గోడ మీద ఒక ఫ్రేము కనబడింది. పెళ్లి ఫోటోకూ క్యాలెండరుకూ మధ్య, అద్దం వేసి, బంగారు రంగు చెక్క అంచుతో. ఫైనాన్సు కంపెనీ కాగితం. దాని మూలకు ఎండిపోయిన పూలదండ ముక్క.

"దాన్ని దించు," అంది.

"అది దేవుడు చేసిన మేలుకు సాక్ష్యమక్కా. పొద్దున అంగడి తెరవగానే దానికి మొక్కి..."

"దించప్పా."

ఫ్రేమును బల్ల మీద పెట్టి ఆమె వేలు పెట్టి చదివింది. బాకీ రెండు లక్షల తొంభై వేలు. కట్టింది ఒక లక్షా ముప్పై వేలు. కంపెనీ వదులుకుంది ఒక లక్షా అరవై వేలు. కింద చిన్న అక్షరాల్లో, ఈ రాజీ వివరం రుణగ్రహీత, జామీనుదారుల రుణ చరిత్రలో చేర్చబడుతుంది అని ఉంది. ఒక్కొక్క ముక్కా తెలుగులో చెప్పింది. ప్రకాష్ బాబు ముఖం ఒక్కో వాక్యానికీ పాలిపోయింది.

"అక్కా, నాకు ఫోన్లో 'సంతకం పెట్టి పో, ఇంగ నిన్ను ఎవురూ అడగరు' అన్నారు. అడగలేదు గదా! నాలుగేండ్లాయ, ఒక్కడూ అడగలేదు."

"నిన్ను అడగలేదు. నన్ను అడుగుతాండారు. నా ఇల్లు పోతాండాది ప్రకాషూ. జూలై ఆఖరుకు నేను రోడ్డు మీద ఉంటా. ఇచ్చిన రెండు లక్షలూ పోతాయి."

"ఫైనాన్సోళ్లు వాళ్లంతట వాళ్లే వదిలేసిన దుడ్లు మనమెందుకు కట్టేదక్కా? లోకంలో యాడన్నా ఉండాదా ఇది?"

"వదిలేసినట్టు నువ్వు అనుకున్నావు. వాళ్లు రాసి పెట్టుకున్నారు. నీకు కొత్త అప్పు ఎందుకు పుట్టలేదో ఇప్పటికన్నా తెలిసిందా? ఆ మిగిలింది కడితే సెటిల్డ్ పోయి క్లోజ్డ్ అవుతాదని మా బ్యాంకాయన చెప్పినాడు. నీకూ, నాకూ."

ప్రకాష్ బాబు స్టూలు మీద కూలబడ్డాడు. డబ్బు లేదన్నాడు. పోయిన నెల మామగారి రాగి చేను ఏనుగులు తొక్కకపోయి ఉంటే ఎంతో కొంత చేతికి వచ్చేదన్నాడు. దయామణి విన్నది.

"ఏనుగులు తొక్కిందానికి గవర్నమెంటోళ్లు రాసుకున్నారా?"

"రాసుకున్నారు. ఇంకా రాలేదు."

"రాసుకునేవాళ్లు యాడైనా ఉంటారప్పా. మనమే సదవం," అంది. ఫ్రేము వెనక మేకులు ఊడదీసి, కాగితం తీసి తన సంచిలో పెట్టుకుంది. ఆ దరఖాస్తులో తన పేరు ఉన్న చోట అడ్డంగా గీత కొట్టింది. అతను ఆపలేదు.

నాలుగోరోజు ప్రకాష్ బాబు ఫోను చేశాడు. భార్య గొలుసు తాకట్టు పెట్టి లక్ష తెచ్చానన్నాడు. మిగతా అరవై వేలు దయామణి వేసింది. కొత్త ఇంట్లో వంటగది బాగుచేయించుకోవడానికి దాచింది అది. ఫైనాన్సు కంపెనీ శాఖ పుంగనూరులోనే ఉంది. ఇద్దరూ కలిసి వెళ్లారు. వదిలేసిన బాకీ కడతామని వచ్చినవాళ్లను అక్కడి మేనేజరు ముందు నమ్మలేదు. పై ఆఫీసుకు రెండు ఫోన్లు చేశాకే డబ్బు తీసుకున్నాడు. ఏ బాకీ లేదన్న కాగితం మే నెల మొదటి వారంలో వచ్చింది. దయామణి దాన్ని ఆ మేనేజరు ముందే చివరి అక్షరం దాకా చదివింది. వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కున్నారు.

జూన్ ఇరవై రెండున భీమరావు మళ్లీ తెర తిప్పాడు. సెటిల్డ్ ఉన్నచోట క్లోజ్డ్ అని మారింది. అంకె 648.

"లక్షా అరవై వేలు పోసినామే! ఇంతేనా?"

"పాత కంతులు ఎగ్గొట్టిన మరక అట్లే ఉంటాదమ్మా. అది కాలం గడిస్తే తగ్గాల్సిందే. ఏడాది పడుతుందో, రెండేండ్లో." భీమరావు గొంతు తగ్గించాడు. "ఒక దారి ఉండాది. మంచి స్కోరున్న ఉద్యోగస్తులు ఒకరు మీకు జామీను ఉంటే నేను పైకి రాసి పంపిస్తా."

దయామణికి అది తేలికే అనిపించింది. ఇన్నేళ్లలో ఆమె ఏడుగురికి సంతకాలు చేసింది. ఒక్క సంతకం ఎంతసేపు?

ఆ ఏడుగురిలో క్యాంటీను వెంకటరత్నమ్మను అడిగితే కన్నీళ్లు పెట్టుకుంది. కానీ ఆమెకు జీతం కాగితం లేదు, బ్యాంకు ఒప్పుకోదు. అంబులెన్సు డ్రైవరు ఎబినేజర్ తల గోక్కున్నాడు. "మా ఇంటామె ఒప్పుకోదు సిస్టర్. జామీను అంటేనే వొణుకుతాండాది. మీకు జరిగింది ఊరంతా తెలిసిపాయ గదా." మందుల షాపు గ్లోరియా సూటిగానే చెప్పింది. "మీ కత విన్నాక భయమేస్తాండాది సిస్టర్. ఏమనుకోవద్దండి."

ఆ రోజు దయామణి అన్నం తినలేదు. అప్పు అడిగితే లేదన్నా ఆమె తట్టుకునేది. తన చేత సంతకం పెట్టించుకున్న వాళ్లు తన అనుభవాన్నే చూపించి తప్పుకుంటారని ఆమె ఊహించలేదు.

జూలై మొదటి వారం. ఆపరేషన్ అయిపోయి సామాను లెక్క చూస్తున్నారు. దయామణి పైకి అంటోంది, హర్షిత తిరిగి అంటోంది. హర్షితకు ఇరవై ఆరేళ్లు. మూడేళ్ల కిందట చేరినప్పుడు దయామణే పని నేర్పింది. పట్టుకార్లు పన్నెండు. పన్నెండు. కత్తెరలు ఐదు. ఐదు. గాజుగుడ్డలు ఇరవై. హర్షిత చెయ్యి ఎత్తి ఆపింది.

"ఇరవై ఒకటి సిస్టర్. ఇంగోటి ఆ పక్కన ఉండాది."

దయామణి మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై మూడేళ్లలో అది ఆమెకు మొదటి తప్పు. స్టూలు మీద కూర్చుని, అడక్కుండానే సంగతంతా చెప్పేసింది.

"నా స్కోరు ఏడు వందల ఎనభై," అంది హర్షిత. "ఫోను కంతుల మీద కొన్నా. తేదీ దాటకుండా కడతాండా, అంతే. నేను పెడతా జామీను. కానీ మీ రిపోర్టు మొత్తం నాకియ్యండి. సదివినాకే చెప్తా."

దయామణికి ముఖం మీద కొట్టినట్టయింది. "నేను ఎవుర్నీ అట్ల అడగలేదు."

"అందుకే గదా సిస్టర్ ఇట్లయింది?"

మర్నాడు హర్షిత, దయామణి ఇచ్చిన పన్నెండు పేజీల రిపోర్టు తిరిగి తెచ్చింది. రెండుచోట్ల ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి ఉంది.

"ఈ రెండు జామీన్లు ఇంకా నడస్తాండాయి. ఒకటి వెంకటరత్నమ్మది, ఒకటి ఎబినేజర్ అన్నది. దీంట్లో ఏప్రిల్ దాకానే ఉండాది. ఆ తర్వాత కట్టినారా?"

"కట్టే ఉంటారు."

"అడిగినారా?"

అడగలేదు. రెండు అప్పులు ఇంకా తన పేరు మీద నడుస్తున్నాయన్నదే దయామణికి గుర్తు లేదు. ఇద్దరూ కిందికి వెళ్లారు. వెంకటరత్నమ్మ ప్రతి నెలా కట్టిన రసీదులు చీర కొంగు ముడిలోంచి తీసి చూపించింది. ఎబినేజర్ అంబులెన్సు కడుగుతున్నాడు. చౌడేపల్లెలో అమ్మకు కొనిచ్చిన రెండు ఆవుల అప్పు అది.

"మే, జూను కంతులు పడలేదు సిస్టర్," అన్నాడు నేల చూస్తూ. "ఒక ఆవు వట్టిపోయింది. వచ్చే నెల రెండూ కలిపి కడదామని..."

దయామణి అంబులెన్సు తలుపు పట్టుకుని నిలబడింది. ఇంకో నెల గడిస్తే 648 మళ్లీ 571కి దిగేది. హర్షిత సంతకం పడ్డాక ఆ ఆవుల అప్పు తన మీదికి వచ్చి ఇంటి కంతు ఆగితే, ఈసారి ఆ పిల్ల 780 కూడా కదిలేది.

"జీతం ఒకటో తేదీనే పడింది గదన్నా," అంది హర్షిత. "ఫోను తియ్యి."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే. మేము ఈడే ఉంటాం."

తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఎబినేజర్ రెండు కంతులూ ఫోన్లో కట్టాడు. డబ్బు పడినట్టు సందేశం వచ్చాక హర్షిత అది తన కళ్లతో చూసి, సాయంత్రం బ్యాంకుకు వచ్చి సంతకం పెట్టింది. పెట్టేముందు ప్రతి పేజీ చదివింది. తనకొక కాపీ అడిగి తీసుకుంది. భీమరావు టేబులు ముందు ముప్పావుగంట పట్టింది. దయామణి పక్కనే కూర్చుని, ఆ పిల్ల వేలు పేజీ మీద కదులుతున్నంతసేపూ చూసింది.

జూలై ఇరవై తొమ్మిదిన పుంగనూరులో రిజిస్ట్రేషన్ అయింది. మునికృష్ణ తాళాలు ఇస్తూ, "బిరియానీ ఏమన్నా ఉండాదా సిస్టరమ్మా?" అన్నాడు. లేదంది. ఆగస్టు ఒకటికి ఆమె సామాను మినీ లారీలో వచ్చింది. వంటగది మాత్రం అలాగే ఉంది, గిన్నెలు కడగడానికి పెరట్లోకి వెళ్లాలి. కృతజ్ఞత కూడిక ఎప్పుడు పెడుతున్నావని సంఘంలో అడిగితే, పద్నాలుగేళ్ల తర్వాత, ఆఖరు కంతు కట్టినాక అని చెప్పింది.

ఇంటి కంతు ప్రతి నెలా ఐదో తేదీ. ఆరో తేదీ ఉదయం పుంగనూరు బస్సు దిగి దయామణి ఆసుపత్రికి వచ్చేసరికి హర్షిత సామాను గదిలో ఉంటుంది.

"కంతు పడిందా సిస్టర్?"

"పడింది."

"ఎబినేజర్ అన్న కంతు?"

"నిన్ననే కట్టినాడు."

"చూపించండి," అంటుంది హర్షిత. దయామణి సంచిలోంచి ఫోను తీసి చూపిస్తుంది.